ముప్పై సెకన్లలో మరదలు

3 సెప్టెంబరు 2007, సోమవారం

ఉదయం 5:00. లేచాను! అలారం మోగకముందే! (అమ్మమ్మ దగ్గింది. అయినా లేచింది నేనే కదా.)

ఇవాళ్టి నుంచి నిర్ణయం. రోజుకి యాభై రీజనింగ్ ప్రశ్నలు. ఒక్కోదానికి ముప్పై సెకన్లు. అక్టోబరు 7న ఏలూరులో బ్యాంకు క్లర్కు పరీక్ష. ఇంగ్లీషు వచ్చు, లెక్కలు వచ్చు, రీజనింగ్ దగ్గరే బండి దిగబడుతోంది. కిందటిసారి ఎనిమిది మంది గుండ్రబల్ల చుట్టూ కూర్చుంటే ఎవరి పక్కన ఎవరున్నారో తేల్చడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వాళ్ళు భోంచేసి వెళ్ళిపోయి ఉంటారు. నేనింకా అక్కడే ఉన్నాను.

కావలసినవి: పుస్తకం (స్నేహితుడు హెన్రీ ఇచ్చాడు), స్టాప్‌వాచీ ఉన్న చేతిగడియారం, పెన్సిళ్ళు, పట్టుదల.

ఈసారి పోతే, నాన్న మాట ప్రకారం, ఉల్లి మార్కెట్లో మా కొట్టు మీద శాశ్వతంగా కూర్చోవాలి. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలకీ లోటు లేదు, వాటి ముందు కూర్చునేవాళ్ళకీ లోటు లేదు. నేనొక్కణ్ణి తగ్గితే ఏమీ కాదు.

ఉదయం 7:10. యాభై పూర్తి! ఇరవై అయిదు నిమిషాల్లో అవ్వాల్సినవి రెండు గంటలు పట్టాయి. మొదటి రోజు కదా. తప్పులు పందొమ్మిది. మొదటి రోజు కదా.

5 సెప్టెంబరు, బుధవారం

ఏలూరు నుంచి భీమశంకరం మావయ్య వచ్చాడు, కూతురు హర్షితని వెంటబెట్టుకుని. మాఘమాసంలో మా ఇద్దరికీ పెళ్ళి చేసేద్దామట. అమ్మ లడ్డూలు పెట్టింది. నన్నెవరూ ఏమీ అడగలేదు. నాకూ పెద్దగా చెప్పడానికేమీ లేదు. హర్షిత చిన్నప్పటి నుంచీ చూస్తున్న మొహమే.

పెరట్లో హర్షిత పట్టుకుంది.

"బావా, ఆ పరీక్ష నేనూ రాస్తున్నాను."

నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"నీకొచ్చినా, ఇద్దరికీ వచ్చినా, ఇద్దరికీ పోయినా పెళ్ళి చేసుకుందాం. నాకొక్కదానికే వచ్చిందనుకో, పెళ్ళి వద్దని నువ్వే చెప్పాలి."

"నేనెందుకు? నువ్వే చెప్పు."

"నేను చెబితే మామ్మ అన్నం మానేస్తుంది, నాన్న ఉద్యోగం మాన్పిస్తాడు. నువ్వు చెబితే నిన్ను తిట్టుకుని ఊరుకుంటారు. మగపిల్లాడివి, తట్టుకుంటావు."

సరేనన్నాను. తనకి రావడమేమిటి, నాకు పోవడమేమిటి! ఒట్టు కూడా వేశాను, కరివేపాకు చెట్టు మీద. ఆ సమయానికి అదొక్కటే అందింది.

ఇవాళ ప్రశ్నలు: ముప్పై ఎనిమిది. ఇంటికి చుట్టాలొచ్చారు.

8 సెప్టెంబరు, శనివారం

బ్లడ్ రిలేషన్స్ మొదలుపెట్టాను. ఇది మనకి నల్లేరు మీద నడక! మా ఇంట్లో చుట్టరికాలు అంతటివి. మా అమ్మని నాన్నకిచ్చారు, నాన్న చెల్లెల్ని అమ్మ తమ్ముడికి చేసుకున్నారు. అంటే హర్షిత వాళ్ళ నాన్న నాకు మేనమామ, వాళ్ళమ్మ మేనత్త. మా అమ్మమ్మే తనకి మామ్మ. తను నాకు రెండు వైపుల నుంచీ మరదలు.

మొదటి ప్రశ్న. ఒకమ్మాయి ఒకాయన ఫోటో చూపించి అంది: "ఈయన మా నాన్నగారి ఒక్కగానొక్క చెల్లెలి భర్త." ఫోటోలో ఉన్నాయన ఆ అమ్మాయి వాళ్ళమ్మకి ఏమవుతాడు?

నాలుగు సెకన్లు! తమ్ముడు! ఇంకెవరు, భీమశంకరం మావయ్య!

వెనక పేజీ చూశాను. తప్పు. ఆడపడుచు భర్త అట.

పుస్తకంతో దెబ్బలాటకి దిగాను. గట్టిగా అరిచినట్టున్నాను, ఇల్లంతా పోగయింది. అమ్మ నా వైపు. "వాడు రాసిందే రైటు. మా తమ్ముడు నాకు తమ్ముడు కాక ఇంకేమవుతాడు?" నాన్న పుస్తకం వైపు. అమ్మమ్మకి అసలు ఫోటో మీదే అనుమానం.

"అంత దగ్గరి మనిషైతే పేరు చెప్పొచ్చుగా? చుట్టూ తిప్పి చెప్పడమేమిట్రా? ఆ పిల్ల ఏదో దాస్తోంది."

గంటన్నర చర్చ. ఇవాళ ప్రశ్నలు: ఒకటి. అదీ తేలలేదు.

9 సెప్టెంబరు, ఆదివారం

ఏలూరుకి ఫోన్ చేసి హర్షితని అడిగాను. వాళ్ళింట్లోనూ అదే చుట్టరికం కదా, తనెలా చేస్తోందని.

"పుస్తకంలో వాళ్ళు మనవాళ్ళు కారు బావా. మనింటిని గుమ్మం బయట వదిలేసి చెయ్యాలి. వాళ్ళు ఇచ్చిన డేటా ఒక్కటే చూడాలి, నీకు తెలిసింది కలపకూడదు. చాలకపోతే 'డేటా చాలదు' అని పెట్టాలి. అదీ ఒక జవాబే."

తెలిసింది కూడా కలపకూడదంటే ఇన్నాళ్ళు చదివిందెందుకు?

15 సెప్టెంబరు, శనివారం

వినాయక చవితి. పందిరి మా ఇంటికి నాలుగడుగుల దూరంలో వేశారు. మైకు నోరు మా కిటికీలోకి. విఘ్నాలు తొలగించే దేవుడి పేరు మీదే ఇంత విఘ్నం!

స్టాప్‌వాచీ తీసి బీరువాలో పెట్టాను. అది ఒత్తిడి పెంచుతోంది. ముందు సరిగ్గా చెయ్యడం అలవాటైతే వేగం అదే వస్తుంది.

ఇవాళ ప్రశ్నలు: పండగ.

22 సెప్టెంబరు, శనివారం

ఇల్లు చదువుకి పనికిరాదని తేలింది. కైకలూరు వెళ్ళాను. హెన్రీ అక్కడ వాళ్ళ బాబాయి చేపల చెరువు గట్టు మీద, పాకలో కూర్చుని ప్రశాంతంగా చదువుకుంటున్నాడు.

దారి చెబుతూ ఐస్ ఫ్యాక్టరీ, మేతల కొట్టు, చర్చి అని హెన్రీ ఏవో గుర్తులు మొదలుపెట్టాడు. వద్దన్నాను. దిక్కులు చెప్పు, డైరెక్షన్ సెన్స్ ప్రాక్టీసు అవుతుంది అన్నాను. వాడు చెప్పాడు: రోడ్డు దిగి తూర్పుకి రెండు చెరువులు, ఎడమకి మూడు, కుడికి ఒకటి.

కొల్లేటి వైపు చెరువులు చూడాలి! గట్లన్నీ నిలువూ అడ్డం, అచ్చం రీజనింగ్ పుస్తకంలో బొమ్మే. కాగితం మీద గీసుకుని ధీమాగా నడిచాను. ఒక్కటే చిక్కు. పుస్తకంలో ఉత్తరం ఎప్పుడూ పైనే ఉంటుంది. కైకలూరులో పైన ఆకాశం ఉంది, అదీ మబ్బు పట్టి.

గంట తర్వాత ఒక గట్టు మీద కాపలా మనిషి ఎదురయ్యాడు. పేరు వెంకట్రాజు. చేతిలో కర్ర.

"ఎవరండీ తమరు?"

"హెన్రీ కోసమండి. తూర్పుకి రెండు చెరువులు దాటి ఎడమకి తిరిగానండి."

"తమరు దాటింది పడమటికండీ. మొన్నే ఇక్కడ రెండు బుట్టల చేపలు పోయినియ్యండీ. ఏమీ అనుకోకుండా ఆ సంచీ ఓసారి విప్పుతారా అండీ?"

దొంగనని అనుమానిస్తూ కూడా అండీ మానలేదు! సంచీలో పుస్తకం, పెన్సిళ్ళు, అమ్మ కట్టిచ్చిన పులిహోర. మా ఇంట్లో చేప పేరెత్తితేనే పసుపునీళ్ళు చల్లుతారని మొరపెట్టుకున్నాను. పులిహోర సగం తిన్నాక నమ్మాడు. తనే దగ్గరుండి ఐస్ ఫ్యాక్టరీ దాకా దింపాడు. అక్కణ్ణుంచి మేతల కొట్టు, చర్చి, హెన్రీ.

సాయంత్రం హర్షితకి ఫోన్ చేసి చెప్పాను. నవ్వింది. ఆగి మళ్ళీ నవ్వింది. "సంచీ విప్పుతారా అండీ" అని నాతో మూడుసార్లు చెప్పించుకుంది.

ఆ నవ్వు ఇంకా చెవిలో ఉంది. దీనికి రీజనింగ్‌తో సంబంధం లేదు. అయినా రాస్తున్నాను.

24 సెప్టెంబరు, సోమవారం

ఇరవై ఓవర్ల కప్పు ఫైనలు. ఇండియా, పాకిస్తాన్. ఇది రాసుకోవాల్సిన అవసరం లేదు. గెలిచాం!

ఇవాళ ప్రశ్నలు: దేశభక్తి.

28 సెప్టెంబరు, శుక్రవారం

కొత్త పద్ధతి. ప్రశ్నలు ఎక్కువ చెయ్యడం కాదు, డౌట్లు తీర్చుకోవడం ముఖ్యం. డౌట్లకి రోజూ ఏలూరు ఫోన్ చేస్తున్నాను.

ఇవాళ ప్రశ్నలు: మూడు. ఫోను: నలభై నిమిషాలు.

గుండ్రబల్ల లెక్క తను చెబుతుంటే ఎంత తేలిగ్గా ఉందో! "ముందు కదలనివాణ్ణి ఒకణ్ణి కూర్చోబెట్టు బావా, మిగతావాళ్ళు వాడి చుట్టూ వాళ్ళే సర్దుకుంటారు" అంది. నేను ఆ ఎనిమిది మందిలో తన పక్క కుర్చీ ఎవరిదా అని చూస్తున్నాను.

2 అక్టోబరు, మంగళవారం

ఇవాళ ఒక దుర్మార్గమైన సంగతి తట్టింది. తనకి రాకపోతే చాలు, నాకు వచ్చినా పోయినా పెళ్ళి ఖాయం. నేనెలాగూ ఫోన్ చేసి తన టైము తినేస్తున్నాను కదా. ఇంకాస్త తింటే?

డౌట్లు రెట్టింపు చేశాను. రానివీ అడిగాను, వచ్చినవీ అడిగాను.

సాయంత్రం అంది: "నీ పుణ్యమా అని పుస్తకం మొత్తం రెండోసారి అయిపోయింది బావా."

7 అక్టోబరు, ఆదివారం

పరీక్ష. ఏలూరు.

గుండ్రబల్ల వచ్చింది. కదలనివాణ్ణి కూర్చోబెట్టాను. వాడూ కదిలాడు.

ఫోటో ప్రశ్న వచ్చింది. ఈసారి ఫోటోలో ఆడమనిషి. మావాళ్ళని గుమ్మం బయట వదిలేద్దామనే అనుకున్నాను. అమ్మమ్మ వినలేదు, లోపలికొచ్చి కూర్చుంది. తొమ్మిది నిమిషాలు.

చేసినవి: యాభైలో ముప్పై ఒకటి. గేటు బయట హర్షిత నిమ్మసోడా తాగుతోంది.

"ఎన్ని చేశావు బావా?"

"నువ్వు?"

"నలభై ఏడు."

"నాదీ అటూ ఇటూ అంతే."

నా సోడాలో సగం తనే తాగేసింది. ఈ పిల్ల ఏలూరులో ఉండగా ఇన్నేళ్ళు నేను గూడెంలో ఏం చేస్తున్నానో!

22 జనవరి 2008, మంగళవారం

ఫలితాలు. నెట్ సెంటర్లో చూశాను. తన నంబరు ఉంది. నాది లేదు. పేజీ మళ్ళీ తెరిపించాను. మళ్ళీ లేదు.

27 జనవరి, ఆదివారం

మావయ్య పంచాంగం పట్టుకుని వచ్చాడు. హర్షిత రాలేదు. అందరూ వరండాలో కూర్చున్నారు.

"దానికి అనకాపల్లిలో వేశారు బావగారూ" అన్నాడు నాన్నతో. "మీరేం కంగారుపడకండి. ముందు మూడు ముళ్ళు పడనివ్వండి. ఉద్యోగం అదే మానేస్తుంది."

అమ్మ మొహం వెలిగిపోయింది. ఎవరూ నా వైపు చూడటం లేదు. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు. మాఘంలో హర్షిత ఈ ఇంట్లో ఉంటుంది. రోజూ ఆ నవ్వు ఈ ఇంట్లోనే వినొచ్చు. ఒట్టు వేసింది కరివేపాకు చెట్టు మీదే కదా. అది ఎవరితో చెబుతుంది?

కానీ అలా తెచ్చుకుంటే ఆ నవ్వు వస్తుందా? మార్చి మార్చి చూశాను. ఇచ్చిన డేటాతోనే తేలిపోయింది. ముప్పై సెకన్లు కూడా పట్టలేదు. జీవితంలో మొదటిసారి.

"నాకీ పెళ్ళి ఇష్టం లేదు."

"ఏమిట్రా లోటు దానికి?" అంది అమ్మమ్మ మంగతాయారు.

"ఏ లోటూ లేదు."

"మరి?"

"ఇష్టం లేదు."

మావయ్య పంచాంగం మూసి, చెప్పులు వేసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయాడు. నాన్న కొట్టు తాళాలు నా ముందు పెట్టారు. అమ్మమ్మ నాతో మాటలు మానేసింది. అన్నం మాత్రం మానలేదు, హర్షిత చెప్పినట్టే.

ఇంత పెద్ద అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. పెరట్లోకెళ్ళి కరివేపాకు చెట్టు దగ్గర ఏడ్చాను.

17 ఫిబ్రవరి, ఆదివారం

హర్షిత అనకాపల్లి వెళుతోంది, చేరడానికి. ఆ రైలు మా ఊళ్ళో ఒక్క నిమిషం ఆగుతుంది. ఉల్లి లోడు చూడాలని ఇంట్లో చెప్పి స్టేషన్‌కి వెళ్ళాను.

మావయ్య కిటికీలోంచి నన్ను చూసి పేపరు విప్పేశాడు. హర్షిత తలుపు దగ్గరికొచ్చింది.

"నువ్వు చెప్పవనుకున్నాను బావా."

నేను స్టేషన్ గడియారం వైపు చూశాను. తనే అంది: "నిమిషం అంటే రెండు ప్రశ్నలు. ఒక దాని టైము అయిపోయింది. రెండోది విను. వచ్చే మాఘానికి ఈ అమ్మాయి ఈ అబ్బాయిని చేసుకుంటుందా? ఎ, చేసుకుంటుంది. బి, చేసుకోదు. సి, డేటా చాలదు. ముప్పై సెకన్లు."

ఇష్టం లేకపోతే అడగదు కదా. అడిగిందంటే ఉన్నట్టే కదా. తలుపు దాకా వచ్చింది కదా. కళ్ళు తడిగా ఉన్నాయి కదా. రైలు కూత వేసింది.

"ఎ!" అని అరిచాను. ప్లాట్‌ఫారం మీద అందరూ తిరిగి చూశారు.

"తప్పు! మళ్ళీ నీకు తెలిసింది కలిపేశావు!" రైలు కదిలింది. ఆ నవ్వు! "సి, బావా! అక్టోబరులో ఇంకో పరీక్ష ఉంది. డేటా తీసుకురా!"

పేపరు వెనక మావయ్య కూడా నవ్వినట్టు అనిపించింది. కలపకూడదు. కలపను.

18 ఫిబ్రవరి, సోమవారం

ఉదయం 5:00. లేచాను! అలారం మోగకముందే! స్టాప్‌వాచీ బీరువాలోంచి బయటికొచ్చింది. రోజుకి యాభై ప్రశ్నలు, ఒక్కోదానికి ముప్పై సెకన్లు. తర్వాత కొట్టు.

మొదటిది ఫోటో ప్రశ్న. మావాళ్ళందరినీ గుమ్మం బయట నిలబెట్టి, తలుపేసి, గడియ పెట్టి చేశాను. పన్నెండు సెకన్లు. వెనక పేజీ చూశాను. రైటు!

రెండోది గుండ్రబల్ల. ఎనిమిది మంది.

ఉదయం 5:25. ఇంకా కూర్చునే ఉన్నారు. చిన్న డౌటు. అనకాపల్లిలో బ్యాంకు పదింటికి తెరుస్తారట.