సుంగై సుమున్ పసుపు మేజోళ్ళు

శనివారం, పోర్ట్ క్లాంగ్, మలేషియా

ఎక్కడెక్కడి క్లబ్బుల వాళ్ళనో పిలిచి కూర్చే మా రగ్బీ జట్టులో చొక్కా అందరికీ ఒకటే. మేజోళ్ళు మాత్రం ఎవరి క్లబ్బువి వాళ్ళు వేసుకోవాలి, క్లబ్బు లేనివాళ్ళు నల్లవి; జట్టు పుట్టినప్పటి నుంచీ అదే ఆచారం. ఇవాళ నేను నాన్న ఆడిన సుంగై సుమున్ ఎస్టేట్ జట్టు పసుపు మేజోళ్ళు వేసుకున్నాను.

మేనేజర్ అప్పలస్వామి మామ చూసి, "ఆ టీము ఎప్పుడో పోనాది లా. నల్లవి ఏసుకో," అన్నాడు, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తూ.

"నానున్నాను కదా మావా," అన్నాను.

ఆట అయ్యేదాకా విప్పలేదు. కుడి మేజోడు మడమ దగ్గర పిగిలింది. ఇంకెన్ని ఆటలకు ఆగుతాయో...

రేపు జట్టు చరిత్ర పుస్తకానికి ఫోటో తీస్తారు. కాళ్ళు కనబడకుండా నన్ను వెనక వరసలో నిలబడమన్నాడు మామ. ముందు వరసలోనే కూర్చుంటాను, కాళ్ళు బారచాపుకుని.