ఏరు దాటొచ్చిన టైగర్

కోటిపల్లి,
18-5-1997.

చిరంజీవి లావణ్యను నాన్న దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా, నేనూ, గేదే, దాని దూడా అందరం కులాసా. కాకినాడ హాస్టల్లో పప్పు నీళ్ళలా ఉంటోందని రాశావు. రెండు సీసాల ఆవకాయ పంపుతున్నాను. గదిలో అందరికీ పంచేయకుండా నువ్వు కూడా కాస్త తిను. నర్సింగ్ పరీక్షలకు భయపడకు.

నీ కుక్క టైగర్‌తో చనువుగా ఉంటున్నానా అని అడిగావు. వాణ్ణి చూసుకుంటానంటేనే ట్రైనింగుకు వెళ్తానని, బస్సెక్కబోతూ కూడా నా చేత ఒట్టు వేయించుకున్నావు. వాడు బాగున్నాడని పోయిన ఉత్తరంలో రాశాను. అమ్మలూ, అది అబద్ధం. అప్పటికి వాడు ఇంట్లో లేడు.

కొత్త చెప్పులు కొరికేశాడని నాకు ఒళ్ళు మండింది. ఏరు దాటిస్తే కుక్క తిరిగి రాదని మనవాళ్ళు అంటారు కదా, ఆ మాట పట్టుకుని పంటు మీద గోదావరి దాటించి, ముక్తేశ్వరం రేవులో వదిలేసి వచ్చాను. ఎటో తప్పిపోయాడని మీ అమ్మతో చెప్పాను. పాపం, ఆవిడ రోజూ వాడి సత్తు పళ్ళెంలో అన్నం పెట్టి ఎదురు చూసింది.

ఐదో రోజున పనుండి బస్సులో వంతెన మీదుగా చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాను. వచ్చేటప్పుడు రేవులో పంటు ఎక్కుతుంటే, దాన్ని నడిపే సరంగు గంగయ్య అన్నాడు, "మీరు దింపేసిన కుక్క ఈ రేవు వదల్టం లేదండి. పంటు వచ్చినప్పుడల్లా దిగినోళ్ళ కాళ్ళన్నీ వాసన చూత్తందండి. అన్నం పెట్టినా ముట్టటం లేదు."

సిగ్గేసింది. వాడి కంట పడకుండా గొడుగు అడ్డం పెట్టుకుని ఓ మూల కూర్చున్నాను.

పంటు కదిలి కొంత దూరం వచ్చాక జనం కేకలు వేశారు. గొడుగు తీసి చూస్తే నీళ్ళ మీద రెండు చెవులు, ఒక ముక్కు. పేరుకే టైగర్, బకెట్ చప్పుడు వింటే గడ్డిమేటు వెనక దాక్కునే పిరికివాడు, నా వాసన పట్టేసి అంత గోదావరిలో నా వైపు ఈదుకొస్తున్నాడు! యాభై ఏళ్ళుగా ఈ ఒడ్డునే ఉన్నాను, ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు.

"ఆపు గంగయ్యా, ఆపు!" అని అరిచాను.

"ఏరు దాటించిన కుక్క రాదంటారు కదండీ," అంటూనే ఇంజను ఆపాడు.

వంగి రెండు చేతులా పైకి లాగాను. వాణ్ణి నేను దగ్గరకు తీసుకోవడం అదే మొదలు. ఒళ్ళు దులిపి గంజి పెట్టిన నా పంచె అంతా తడిపేశాడు. వణుకుతూ నా కాళ్ళు వాసన చూసి, ఒళ్ళో తల పెట్టుకున్నాడు. వాడి గుండె నా చేతి కింద దబదబా కొట్టుకుంది.

మీ అమ్మతో నిజం చెప్పేశాను, ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నిన్ను క్షమించమని అడుగుతున్నాను. వాణ్ణి మాత్రం అడగలేను. నేను వదిలేశానని వాడికి తెలియనే తెలియదు. నేనే తప్పిపోయాననుకుని ఐదు రోజులు వచ్చేపోయేవాళ్ళలో నన్ను వెతికాడు. ఇప్పుడు చేలోకి వెళ్ళినా, పెరట్లోకి వెళ్ళినా వెంటే వస్తాడు. నన్ను మళ్ళీ పోగొట్టుకోకూడదని వాడి భయం.

ఇట్లు,
తప్పిపోయి దొరికిన మీ నాన్న,
సత్తిరాజు.