విడిగా వేసిన చాప

అక్కా,

నీ ఉత్తరాలకు జవాబు రాయకపోవడానికి కారణం పని కాదు, కోపం. దాని సంగతి చివర్లో రాస్తాను. ముందు ఇక్కడ జరిగింది చెప్పాలి.

ఈ కొండమీది ఊళ్ళో ఏ ఇంట చూసినా గజ్జి. ఇల్లంటే ఒకటే గది, మధ్యలో పొయ్యి. చలికి అందరూ దాని చుట్టూ ఒకే దుప్పట్ల కింద పడుకుంటారు. చర్మంలో దూరే పురుగుకి అంతకంటే ఏం కావాలి? మందు పంచేటప్పుడు ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. "పక్కన పడుకుంటే అంటుకుంటుంది. ఇంట్లో అందరూ ఒకే రోజు మెడ నుంచి కాలి గోళ్ళ దాకా రాసుకోవాలి." రెండో మాట కంటే మొదటి మాట గట్టిగా పట్టుకున్నారు.

కొన్నాళ్ళకి గొర్రెల కాపరి ఇంట్లో పిల్లలు మళ్ళీ గోక్కుంటూ కనిపించారు. వాళ్ళమ్మని అడిగాను.

"ఇంట్లో అందరూ రాసుకున్నారా?"

"ఒక్కరూ మిగల్లేదు నర్సమ్మా."

"మరి మీ అత్తగారేరీ?"

"ఆవిడ ఇంట్లో ఉండట్లేదుగా. మీరు చెప్పిన రోజే గొర్రెల పాకలోకి మార్చాం. ఆవిడకే కదా అందరికంటే ఎక్కువ."

పిల్లలు మాత్రం పగలంతా ఆ పాకలో, ఆవిడ ఒళ్ళోనే ఉంటున్నారు.

వెళ్ళి చూశాను. గడ్డి మీద పడుకుని ఉంది. వేళ్ళ సందులన్నీ పొక్కులు కట్టి ఉన్నాయి. నేను సంజాయిషీ చెప్పబోతే, "మంచికే చెప్పావులే తల్లీ. గొర్రెలే నయం, అవతలికి జరగమనవు" అని నవ్వింది. మందు నేనే రాశాను. వీపు మీద చెయ్యి వేయగానే ఒళ్ళు బిగబట్టింది. "మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో" అంది.

అందరికీ మళ్ళీ రాయించి, దుప్పట్లు ఉడకబెట్టించి, ఆవిణ్ణి పొయ్యి దగ్గరికి చేర్చాను. చేర్చానే గానీ, కోడలు ఇప్పటికీ పక్కన ఇంత జాగా వదిలి పడుకుంటోంది. ఆ జాగాకి నా దగ్గర మందు లేదు. అది నా మాటతో వచ్చింది.

ఇక నా కోపం. సెలవుల్లో వచ్చినప్పుడు నాకు ముందుగదిలో వేరే చాప వేశావు. చిన్నప్పటి నుంచీ ఒకే దుప్పటి కోసం కొట్టుకుంటూ పడుకున్నవాళ్ళం. "కొండల్లో తిరిగొస్తావు, ఎవరికేం అంటిస్తావో" అన్నావు. బావ నవ్వాడు. నేనూ నవ్వేశాను. అంత ఎండలో నువ్వు మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకుంటే, హీరోయిన్‌లా తయారయ్యావే అని ఎగతాళి చేసి మాట మార్చాను. వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర దూరంగా నిలబడి చెయ్యి ఊపావు. ఇక మీ గడప తొక్కను అని రాయడానికే కూర్చున్నాను. ముసలావిణ్ణి చూశాక ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎందుకలా చేశావో మాత్రం చెప్పు.

నీ చెల్లెలు


బుజ్జీ,

అంటించేదానివి నువ్వు కాదే. నేను.

నువ్వు రాకముందే నాకు మొదలైంది. వేళ్ళ సందుల్లో, నడుం చుట్టూ. నాకు వేడి చేసిందని మీ బావకి చెప్పి వంటింట్లో పడుకుంటున్నాను. వీధి చివర మందుల షాపువాడు మా అత్తగారికి చుట్టం. వాణ్ణి అడిగితే ఆవిడకి చెప్పినట్టే. ఇంతలో నువ్వొచ్చావు. ఊరూరా గజ్జికి మందు పంచే నర్సుకి సొంత అక్కకే గజ్జంటే ఎంత నామోషీ! పక్కన పడుకుంటే నీకూ అంటుకుంటుంది. వేరే చాప వేయడానికి నోటికొచ్చిన అబద్ధం అదే అయింది. నేరం నీ మీదికి నెట్టాను. బస్సు దగ్గర నిన్ను ముట్టుకోనిదీ అందుకే.

ఆ జాకెట్టు సంగతి అడుగుతావేమోనని హడలిపోయాను. నువ్వు నవ్వేసి ఊరుకున్నాక, అడిగుంటే బాగుండేదని ఏడ్చాను.

ఇప్పుడు మీ బావా గోక్కుంటున్నారు. పేపరు అడ్డం పెట్టుకుంటే నాకు కనపడదనుకుంటారు. అత్తగారేమో పగలే తలుపేసుకుంటోంది. ఎవరికి వాళ్ళం దాక్కుని గోక్కుంటున్నాం, ఒకరికొకరం చెప్పుకోం.

నీ ఉత్తరం ఇద్దరికీ చదివి వినిపించాను. మీ బావ పేపరు మడిచి పక్కన పెట్టారు. అత్తగారు, "మీ చెల్లెల్ని మందు కాస్త ఎక్కువే తెమ్మను" అంది.

తీసుకురా. తగ్గేదాకా నీ చాప ముందుగదిలోనే వేస్తాను, ఈసారి కోపం తెచ్చుకోకు. మిగతా ఒళ్ళంతా నేనే రాసుకుంటాను. వీపుకి నా చెయ్యి అందదు. అక్కడ నువ్వే రాయాలి.

అక్క