నేసేవాడు అంటే ఎవరు మామా?

మామా, నేను, నీ లచ్చిని. నువ్వు పోయి ఏడాది దాటింది. నీతో మాట్లాడే తీరిక, ధైర్యం ఇప్పటికి గానీ రాలేదు...

నువ్వు పోయిన నెలకే మన పేట చేనేత సంఘం వాళ్లు నాకు నూలు ఆపేశారు. ఎందుకో తెలుసా? సంఘం పెట్టిన రోజు నువ్వు నీ చేత్తో రాసిన నిబంధన వల్ల! "మగ్గం నేసేవాడే సభ్యుడు." నేసేవాడు అన్నాక ఆడది ఎట్లా వస్తుందని అధ్యక్షుడు మొండికేశాడు. నువ్వు దగ్గుతో మంచం పట్టినప్పటి నుంచి సంఘానికి ఇచ్చే సర్కారు జనతా చీరలన్నీ నేసింది ఎవరు? వాళ్లకు తెలియదా? నూలు లేకపోతే నేను ఎవరి చేనికి కూలికి పోవాలి?

మా తమ్ముడు ఆదోనిలో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నవ్వి, ఢిల్లీ పెద్ద కోర్టులో కూడా ఇదే తగాదా అమ్మా అన్నాడు. రాజ్యాంగం రాసినవాళ్లు ఆనాడు మనసులో ఏమనుకున్నారో దానికే కట్టుబడాలని కొందరట. రాసినవాళ్లు పోయారు, మాట మిగిలింది, అది ఈ కాలం మనుషులకూ పట్టాలని కొందరట. ఎమ్మిగనూరు బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచన. నువ్వయితే ఏ పక్క ఉండేవాడివి? నాకు తెలుసులే. "మాటంటే మాటేనే, పొద్దుకొకటి ఉండగూడదు" అనేవాడివి.

సంఘం కూర్చుంది. నీ మొగుడి మనసు తెలిసినదానివి నువ్వే, ఆడవాళ్లను కూడా తలచుకునే రాశాడా చెప్పు అని నన్నే అడిగారు. అవునని ఒక్క మాట అంటే అయిపోయేది. తమ్ముడు సైగలు చేస్తూనే ఉన్నాడు. కానీ "ఆడోళ్లకు సంఘమేందే, కండెలు సుట్టుకోండి సాలు" అన్నది నువ్వు కాదా? పోయినవాడి నోట్లో అబద్ధం ఎట్లా పెట్టేది? మగవాళ్లనే తలచుకుని రాశాడని చెప్పేశాను. అధ్యక్షుడి ముఖం చేటంత అయింది.

అది చూసి నాకు ఒళ్లు మండింది. మా ఆయన మగ్గం అని రాసిన రోజు మన పేటలో నేలలో తవ్విన గుంత మగ్గం తప్ప ఇంకొకటి ఉండిందా అని అడిగాను. మరి మీలో సగం మంది ఇప్పుడు స్టాండు మగ్గాలు ఎక్కి కూర్చున్నారే, వాటికి ఎవరి మనసు చూసి నూలు ఇస్తున్నారు? మగ్గం మారితే పట్టిన మాట, మనిషి మారితే పట్టదా? అధ్యక్షుడే సభ్యుల పుస్తకం తెప్పించాడు. ఆయనదీ స్టాండు మగ్గమే కదా...

నూలు వచ్చింది మామా. సభ్యుల్లో నా పేరు ఎక్కింది. ఇప్పుడు ఆ నిబంధనను తిరగరాయమని నన్నే అడుగుతున్నారు. 'నేసేవారు' అని రాద్దామంటే చేయి ఆడటం లేదు. నేను తలచుకోని మనిషి రేపు ఎవరొస్తారో, నా మాట పట్టుకుని ఎవరిని గడప బయట నిలబెడతారో...

అందరికీ జవాబు చెప్పాను గానీ, నిన్ను అడగాల్సింది మిగిలిపోయింది. ఆ నిబంధన నువ్వు మన పంచలో కూర్చుని రాశావు. ఎదురుగా నేను నూలుకు గంజి పట్టిస్తున్నాను. తల ఎత్తితే చాలు... నేను కనపడలేదా మామా?

కోపంగానే ఉన్నాను. అయినా నీ మగ్గం పాడుపడనివ్వను.

నీ లచ్చి