విడిచిన నైటీ

అక్కా,

సోమవారం నుంచి మళ్లీ ఆఫీసు. బాబును తన ఇంట్లో చూసుకుంటానన్న ఆయమ్మ మీద నాకింకా గురి కుదరలేదు.

అలవాటు కావాలని మొన్న దింపితే, నేను విడిచిన నైటీ ఉతక్కుండా ఇమ్మంది. ఏం చేస్తుందోనని ఉతికిందే ఇచ్చాను. వాడు రోజంతా ఏడ్చాడట.

"సబ్బు వాసనకి నిద్రపోతాడామ్మా? నీ వాసన కావాలి వాడికి" అంది.

నిన్న విడిచిందే ఇచ్చాను. రెండు గంటలు నిద్రపోయాడట! నా ఒళ్లో అరగంట పడుకోడే, ఏ మందైనా పోసిందా? సీసా వాసన చూశాను, పాలే. అనుమానం పెనుభూతమని మీ మరిది నవ్వుతున్నారు, నవ్వనీ.

సోమవారం మధ్యాహ్నం నువ్వు చెప్పాపెట్టకుండా వెళ్లి చూడు. ఏడుస్తుంటే వెంటనే ఫోన్ చెయ్యి. హాయిగా నిద్రపోతుంటే మాత్రం నాకు చెప్పకు.

నీ చెల్లి