పొర చెరిగిన చోటు

డైరెక్టర్ గారికి,

ఒస్త్రావా ఊరి తారు గుంట మట్టిలోని విషాన్ని తినే బాక్టీరియాను నా తోటి సహాయకురాలు రాద్కా నా దగ్గర దొంగిలించిందా అని అడిగారు. అవునని రాయాలని రెండు రోజులు కూర్చున్నాను.

జరిగింది ఇది. తారు విషాన్ని తెల్లటి పొరలా చల్లిన గాజు పళ్లెంలో, మార్చిలో, ఆ మట్టి నుంచి పెరిగిన ఒక బాక్టీరియా చుక్క చుట్టూ పొర చెరిగిపోయింది. ఆ పళ్లెం నాది. స్ప్రే సరిగ్గా పడలేదనుకుని, క్రిములన్నీ చచ్చేలా ఆవిరిలో ఉడికించి పారేశాను.

వారం తర్వాత రాద్కా పళ్లెంలోనూ అంతే.

"ఏమే, ఇది తింటోందే!" అంది.

"నీకు స్ప్రే కొట్టడం చేతకాదు, పారెయ్యవే" అన్నాను.

"నీ ఏడుపు నువ్వేడు, ఇది మాత్రం ఉండనీ" అని నవ్వి దాచింది.

కాబట్టి అది ఆమెదే. పరిశోధన పత్రంలో నా పేరు కూడా వేస్తానంటోంది. దయచేసి వేయనివ్వకండి. ఆమె పేరు తర్వాత నా పేరు చదువుకోవడం నా వల్ల కాదు.

ఇట్లు,
మూడో గది ప్రయోగశాల సహాయకురాలు