వానకు కరగని బూడిద

సముద్రం అవతల రాకిరాకి చెరుకు తోటల నుంచి మా అమ్మకు, నీ కూతురు నరసమ్మ నీ పాదాలకు మొక్కి రాయిస్తున్నది. నేనూ నీ మనవరాలు నూకాలూ ప్రాణాలతో ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? తమ్ముడు, మరదలు, పిల్లలు కులాసాయేనా? రాస్తున్నది మా కూలీల లైనులో పక్క గది సన్యాసి బాబాయి. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు, మధ్యమధ్య కళ్లు తుడుచుకుంటున్నాడు.

ఇక్కడ వానలు విడవడం లేదు. కలుపు తీసి తీసి గోళ్లు ఊడుతున్నాయి. బియ్యం చాలనినాడు కర్రపెండలం ఉడకేసుకుంటున్నాం. తిండికి లోటు లేదమ్మా, బెంగపెట్టుకోకు.

అసలు సంగతి చెబుతాను. వచ్చిన ఏడాదే నూకాలు నాన్న జ్వరంతో పోయాడు కదా. అప్పుడే మాతో పని చేయించే సర్దారు నా మీద కన్నేశాడు. పొయ్యిలో బూడిద జుట్టుకు రాసుకుని, నడుం వంచి, లేని దగ్గు దగ్గుతూ తిరిగాను. "ఛీ, ముసల్దీ!" అని వదిలేశాడు. ఆ రోజు ఎంత నవ్వుకున్నానో! నువ్వు ఆముదం పెట్టి దువ్వి పెంచిన జుట్టమ్మా అది. ఆనాటి నుంచీ రోజూ బూడిదే.

మొన్న నూకాలు పెద్దమనిషైంది. ఎవరికీ తెలియనివ్వకూడదనే అనుకున్నాను. మనసు ఊరుకుంటేనా? నువ్వులు దొరకక, కొబ్బరి కోరి బెల్లంతో దంచి, అదే చిమ్మిలి అని లైనులో ఆడవాళ్లకు పంచాను. పాడుబుద్ధి నాది! సాయంత్రానికి ఆ మాట సర్దారు చెవిన పడింది.

మర్నాడు పిల్లకూ మసి పూసి పొలానికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం కుండపోత. మసంతా కారిపోయింది. వాడు గట్టు మీద నిలబడి నవ్వాడు.

"క్యా నర్సమ్మా, ఇంత పిల్లని మసి కింద దాచేశావా? సోమవారం నుంచి నా ఇంట్లో రొట్టెలు చెయ్యడానికి పంపు."

"చిన్నపిల్ల సర్దార్‌జీ, దానికి వంట రాదు."

"నేర్పిస్తాలే."

గదికి వచ్చాక నూకాలు నా తల తుడుస్తూ, "అమ్మా, నాది పోయింది గానీ నీ బూడిద పోలేదే" అంది. అది బూడిద కాదమ్మా.

అప్పుడు తెలిసొచ్చింది. వేషం వేస్తూ వేస్తూ నిజంగానే ముసలిదాన్నైపోయాను. వంచిన నడుం ఇప్పుడు నిటారుగా నిలవడం లేదు, దగ్గు ఆపుదామన్నా ఆగడం లేదు. పిల్లకు వయసొచ్చే వేళకు నాది అయిపోయింది. వాడు తలుపు తోస్తే పట్టి ఆపే బలం ఈ చేతుల్లో ఉందా? తోట దొరతో చెప్పుకుందామంటే ఆయన వాడి మాటే వింటాడు. వేలిముద్ర వేసిన గిర్మిట్ ఒప్పందం తీరడానికి ఇంకో కోతకాలం ఉంది. రేపే సోమవారం. భయంగా ఉందమ్మా, చాలా భయంగా ఉంది.

చిమ్మిలి తిన్న ఆడవాళ్లే ఇందాక వచ్చారు. "దాన్ని మా మధ్యన నిలబెట్టేసుకుంటాం. చెరుకు కత్తులు మా సేతుల్లోనూ ఉన్నాయి, ఏడవకే" అన్నారు. వాళ్లలోనూ సగం మంది జుట్టు తెల్లనిదే.

తమ్ముణ్ణి నూకాలమ్మ గుడిలో ఒక దీపం పెట్టమను. పెద్దలందరికీ నా దండాలు. నన్ను ఎప్పుడూ "చక్కని తల్లీ" అని దీవించేదానివి. నీ మనవరాల్ని అలా దీవించకు. దీని జుట్టు దానంతట అదే నెరిసేదాకా బతకమని దీవించు.

నీ బిడ్డ నరసమ్మ